వినకుండానే తేల్చేస్తారా?

భూతగాదాలను చిటికెలో తేల్చేయాలన్న ఉబలాటం మన పాలకులను వదలడం లేదు. భూమి హక్కును సివిల్ కోర్టులకు బదులు అధికారులే తేల్చే భూ యాజమాన్య హక్కుల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు, ఎన్నికల్లో దుమారం రేగింది, 2024 జులైలో శాసనసభ దాన్ని రద్దు చేసింది. తెలంగాణలో ధరణి పోర్టల్‌ను తెచ్చిన 2020 నాటి భూహక్కుల చట్టం పోయి 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఇదంతా పాఠకులకు తెలిసిందే. చట్టాలు పోయాయి గానీ వాటి వెనకున్న ఆలోచన పోలేదు. సాక్షుల్ని పిలవకుండా, క్రాస్ ఎగ్జామినేషన్ లేకుండా, ముందున్న కాగితాలు తిరగేసి భూమి ఎవరిదో చెప్పేయవచ్చునన్నదే ఆ ఆలోచన. వాణిజ్య కోర్టుల్లో ఉన్న సంక్షిప్త తీర్పు పద్ధతిని భూమి దావాలకూ తెస్తే పెండింగ్ కరిగిపోతుందన్న వాదన దాని కొనసాగింపే. దీన్ని మేము నిర్ద్వంద్వంగా వ్యతిరేకిస్తున్నాం.

తాత వేసిన దావాకు మనవడు వాయిదాలు తిరుగుతున్న మాట నిజం. ఆ జాప్యం అన్యాయమే, కాదనం. కానీ విచారణ ఆలస్యమవుతోందని విచారణనే ఎత్తేస్తారా?

బాకీ వేరు, భూమి వేరన్న తేడా చట్టానికి ఎప్పటినుంచో తెలుసు. ప్రామిసరీ నోటు, చెల్లని చెక్కు వంటి బాకీల వసూలుకు సంక్షిప్త దావాలను అనుమతించింది. 2015 వాణిజ్య కోర్టుల చట్టం వచ్చాక, అవతలి పక్షానికి గెలిచే ఆస్కారమే లేదని తేలితే నోటి సాక్ష్యం నమోదు చేయకముందే తీర్పు ఇచ్చే వీలు కలిగింది. అది వ్యాపార వివాదాల వరకే. భూమి విషయంలో చట్టం ఒక్క అడుగు వేసి ఆగింది. బలవంతంగా ఖాళీ చేయించిన వ్యక్తి ఆరు నెలల్లోగా కోర్టుకొస్తే హక్కుల జోలికి పోకుండా స్వాధీనం తిరిగి ఇప్పిస్తుంది. భూమి ఎవరిదన్న అసలు ప్రశ్నకు వేరే దావా వేసుకునే దారిని మాత్రం తెరిచే ఉంచింది. స్వాధీనాన్ని త్వరగా తేల్చవచ్చు, హక్కును అలా తేల్చకూడదు. ఈ గీతను చెరిపేయాలని చూసేవారు ఎవరి భూమిని పణంగా పెడుతున్నారో ఆలోచించారా?

ఒక సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా రాసుకున్న భూమి అమ్మకపు కాగితం, చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లకాగితం, నాలుగు మడతల దగ్గర చిరుగులు. అమ్మినవాడి వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు, కింద రాసినవాడి దస్కత్తు. సర్వే నంబరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తూర్పున ఫలానావారి చెలక, పడమర బండ్లబాట అని హద్దులు మాత్రం తప్పక ఉంటాయి. అమ్మినాయన పోయాడు, కొడుకుల పేర్లు రికార్డుకెక్కాయి. ముప్పై ఏళ్లుగా దున్నుతున్నది కొన్నవాడే. ఇలాంటి కాగితాల దరఖాస్తులు తెలంగాణలో లక్షల్లో వచ్చాయి. కాగితాలే చూసి తీర్పు చెప్పమంటే వీళ్లలో నిలబడేదెవరు? బతికున్న సాక్షి బోనెక్కి చెప్పాలి, పక్క పొలం రైతు చెప్పాలి, కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ సర్వేయర్‌తో కలిసి గట్ల మీద నడవాలి. అప్పుడే ఆ మడతల కాగితానికి నోరొస్తుంది. రిజిస్టర్డ్ దస్తావేజు ఉన్నవాడికి సంక్షిప్త తీర్పు సౌకర్యం, లేనివాడికి ఉరితాడు.

ధరణి పహాణీలో (భూమి రికార్డులో) అనుభవదారు గడినే తీసేసిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదు. దున్నేవాడి పేరుకు రికార్డులో చోటే లేకుండా చేసి, ఆ రికార్డే చూసి తీర్పు చెబుతామంటే అది ఎవరికి అనుకూలమో చెప్పనక్కర్లేదు. భూభారతి ఆ గడిని తిరిగి తెచ్చింది, సంతోషం. ఈలోగా జరిగిన నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

వినకుండా తేల్చడం ఎలా ఉంటుందో తెలంగాణ చూసింది. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది, దాదాపు 16 వేల కేసులు కలెక్టర్ల ఆధ్వర్యంలోని ప్రత్యేక ట్రైబ్యునళ్లకు వెళ్లాయి. ఎన్నో కేసుల్లో కక్షిదారుల మాట వినకుండానే ఉత్తర్వులు వెలువడ్డాయి. చివరికి హైకోర్టు జోక్యం చేసుకుని, పార్టీల వాదన వినండని చెప్పాల్సి వచ్చింది. ఎదుటివాడి మాట వినాలన్నది రచ్చబండ దగ్గర కూడా పాటించే నియమం. దాన్ని ఐఏఎస్ అధికారులకు హైకోర్టు గుర్తుచేయాల్సి రావడం చిన్న విషయం కాదు.

మా భయం ఆనవాయితీ గురించే. ఒకసారి అలవాటైతే ఇది ప్రైవేటు తగాదాల దగ్గర ఆగదు. రేపు ప్రభుత్వమే ఒక పక్షంగా ఉన్న చోటికి వస్తుంది. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమి, పోరంబోకు, రిజిస్ట్రేషన్ల నిషేధిత జాబితా అంటూ లక్షల ఎకరాల మీద పేచీ పెడుతున్నది ప్రభుత్వమే కదా! ఉస్మానియా విశ్వవిద్యాలయ భూముల వివాదం ఇందుకు ఉదాహరణ. విశ్వవిద్యాలయం సివిల్ దావా ఓడిపోయాక, ప్రభుత్వం 1905 నాటి ఆక్రమణల చట్టం కింద నోటీసులిచ్చి ఆ భూమిలో ఉన్నవారిని ఖాళీ చేయించబోయింది. హక్కుపై నిజమైన వివాదం ఉన్నప్పుడు ప్రభుత్వం తనకు తానే తీర్పరి కాజాలదని, సివిల్ కోర్టుకే వెళ్లాలని 1982లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నాలుగు దశాబ్దాలు దాటింది. అప్పుడు మూసిన దొడ్డిదారినే కొత్త పేర్లతో మళ్లీ తెరవజూస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ రద్దు చేసుకున్న చట్టం సివిల్ కోర్టులను పక్కకు నెట్టి హక్కుల నిర్ణయాన్ని అధికారుల చేతిలో పెట్టింది. ఆ దారి నేడు మూసుకుంది, రేపు మరో చట్టం దాన్నే ఆనవాయితీగా చూపదన్న హామీ ఎవరిస్తారు?

వేగం కావాలని నిజంగా అనుకుంటే చేయాల్సిన పనులు ప్రభుత్వాల చేతిలోనే ఉన్నాయి. కింది కోర్టుల్లో జడ్జి పోస్టులు ఖాళీగా ఉంచుతున్నదెవరు? కొలతలకు మండల సర్వేయర్ నెలల తరబడి దొరకకపోవడానికి కారణమెవరు? కౌంటర్ (దావాకు జవాబు) వేయడానికి వాయిదా మీద వాయిదా అడుగుతున్నది సర్కారు వకీళ్లు కారా? తహసీల్దారు కార్యాలయంలో పాత పహాణీ నకలు కోసం రైతును తిప్పించుకుంటున్నదెవరు? ఆలస్యానికి కారకులైనవారే ఆలస్యాన్ని సాకుగా చూపి రైతు నోరు నొక్కుతామంటే ఊరుకునేది లేదు. ముందు ఆ పోస్టులు నింపండి, ఆ కౌంటర్లు వేయండి, ఆ నకళ్లు ఇవ్వండి. అప్పటిదాకా సంక్షిప్త తీర్పుల ఊసెత్తే అర్హత మీకు లేదు.