ఓటీపీ వచ్చేలోపు ఉత్తర గోగ్రహణం

మా నలుగురిలో కాస్త ఆధునికుణ్ణి నేనే. నాకు రంగుల సినిమాలు కూడా నచ్చుతాయి. మిగతా ముగ్గురికీ సినిమా అంటే నలుపు తెలుపే. 2010లో 'మాయాబజార్'కి రంగులద్ది మళ్లీ విడుదల చేస్తే, కండక్టర్ అన్న హాలు దాకా వచ్చి, పోస్టర్ చూసి, "గటోత్కచుని గదకు గా రంగేందే?" అని మా అందర్నీ అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. టికెట్ డబ్బులు ఇప్పటికీ ఇవ్వలేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం నల్లగొండ రామగిరిలో మా ఇంటి హాల్లో కూచుంటాం. ఆర్టీసీలో పనిచేసి దిగిపోయిన కండక్టర్ అన్న, బడిలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పిన పంతులుసారు, మా ఆవిడకు అన్న అయిన బ్యాంకు బావ, నేను. మాకు దేవుడిచ్చిన వరం లోకల్ కేబుల్ వాళ్ల సినిమా ఛానెల్. వాళ్ల దగ్గర ఓ ముప్ఫై పాత సినిమాలున్నట్టున్నాయి, వాటినే తిప్పి తిప్పి వేస్తారు. తెర అడుగున పట్టీ మీద ఓపెన్ ప్లాట్లు, బోరు మోటార్ల రిపేరు, ఎవరిదో పెళ్లిరోజు శుభాకాంక్షలు పోతుంటాయి. పైన మూలకు ఛానెల్ బొమ్మ. కృష్ణుడు కుడిపక్కకు జరిగితే నెమలిపింఛం ఆ బొమ్మ వెనక్కి పోతుంది. అయినా మాకు అలవాటే. ఆ పింఛం ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పగలం.

అట్లాంటి మాకు 2023లో ఆస్కార్ వచ్చి పడింది. 'నాటు నాటు' పాట పోటీలో ఉందని పేపర్లో వచ్చిన రోజు నుంచే కండక్టర్ అన్న పట్టుబట్టాడు. "తెలుగు పాట అమెరికా దాకా పోయిందంటే మనం లైవ్‌ల చూడకుంటే ఎట్ల? తెల్లారి పేపర్ల చూసుడు నాకు నచ్చదు. బస్సు పోయినంక బస్టాండ్‌కు వచ్చినట్టుంటది."

సరే చూద్దాం అన్నాం. ఎన్నింటికి? డల్లాస్‌లో ఉన్న బ్యాంకు బావ కొడుకు తమకు ఆదివారం రాత్రి ఏడింటికి మొదలవుతుందన్నాడు. దాన్ని మన టైములోకి మార్చుకుంటే చాలు. కానీ ఈ వేళకే అమెరికా వాళ్లు గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుంటారట. అది సరిగ్గా ఆ ఆదివారమే, మార్చి 12నే పడింది. దాంతో మా హాల్లో ఒక చిన్న గణిత మహాసభ జరిగింది. మనకు సోమవారం తెల్లవారుజామున ఐదున్నర అని నేను తేల్చాను. కాగితం మీద రాసి కూడా ఇచ్చాను.

తెల్లవారి నాలుగున్నరకు కాలింగ్ బెల్ మోగింది. మంకీ క్యాప్ పెట్టుకొని పంతులుసారు. "వాండ్లు గంట ముందుకు తిప్పిండ్రంటివి గదా. అందుకే మనం గంట ఎనకకు రావాలె." ఆ ఐదున్నరలో ఆ గంట ఆల్రెడీ కలిసే ఉందని చెప్పబోయి ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్లు సంధులు విడగొట్టిన మనిషికి లెక్కలు చెప్పే ధైర్యం నాకు లేదు. ఐదింటికి కండక్టర్ అన్న వచ్చాడు. బండి టైముకు అరగంట ముందు డిపోలో ఉండటం ఆయన రక్తంలో ఉంది. డల్లాస్‌లో కన్నకొడుకున్న బావ మాత్రం ఆరున్నరకు దిగాడు. పాత లెక్క ప్రకారం అదే కరెక్టని ఇప్పటికీ వాదిస్తాడు.

ఇక టీవీ సంగతి. మాకు ఆస్కార్ వచ్చేది మా లోకల్ ఛానెల్లో కాదు, యాప్‌లో. సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు స్మార్ట్ టీవీ బిగించి, అందులో ఆ యాప్ వేసి, తన నంబర్‌తోనే చందా కట్టి పోయాడు. మా ఇంట్లో రెండు రిమోట్లు. నల్లది టీవీకి, బూడిదరంగుది కేబుల్ బాక్సుకు. ఐదూ ఇరవైకి నల్లది తీసి యాప్ తెరిచాను. "మళ్లీ లాగిన్ అవ్వండి, మీ నంబర్‌కి ఓటీపీ పంపాం" అంది. నా నంబర్‌కి కాదు, మావాడి నంబర్‌కి. మావాడు మియాపూర్‌లో నిద్రలో ఉన్నాడు. వాడి నిద్ర సంగతి చెప్పాలంటే, ఒకసారి పక్కవాటాలో గ్యాస్ స్టవ్ మండి ఫైరింజన్ వచ్చిపోయింది, వాడికి తెలవదు.

పద్నాలుగు సార్లు ఫోన్ చేశాను. మధ్యలో మా ఆవిడ లేచి, హాల్లో ఉన్న జనాన్ని చూసి, ఒక్క మాటా మాట్లాడకుండా ఛాయ్ పెట్టడానికి పోయింది. ఆ మౌనం గురించి వేరే వ్యాసం రాయాలి.

"అప్పటిదాంక కేబుల్ పెట్టు, ఊకె కూసునుడెందుకు" అన్నాడు కండక్టర్ అన్న. బూడిద రిమోట్ నొక్కాను. మా దురదృష్టం కొద్దీ, లోకల్ ఛానెల్లో అప్పుడే 'నర్తనశాల' పేర్లు పడుతున్నాయి.

ఇంక చూడండి. 1963 నాటి సినిమా. ఎన్టీఆర్ బృహన్నల, సావిత్రి ద్రౌపది, ఎస్వీ రంగారావు కీచకుడు. మాకు వీళ్లందరికంటే ముఖ్యుడు కృష్ణుడు వేసిన కాంతారావు. ఆయనది కోదాడ దగ్గర గుడిబండ. కోదాడ రూట్లో డ్యూటీ చేసినన్నాళ్లూ మా కండక్టర్ అన్న ఆ దిక్కు రాగానే టికెట్లు ఆపి, "కత్తి కాంతారావు ఊరు ఈడికి దగ్గర్నే" అని బస్సందరికీ చెప్పేవాడు. 2016లో జిల్లాలు విడిపోయి కోదాడ సూర్యాపేట జిల్లాలోకి పోయింది. రోడ్లిచ్చాం, చెరువులిచ్చాం, ఆఫీసులిచ్చాం. కాంతారావును మాత్రం ఇవ్వలేదు.

"అవార్డు అవార్డు అంటున్నరు గానీ" అన్నాడు కండక్టర్ అన్న, "గీ సినిమాకే 1964ల జకార్తల కీచకుని ఏషానికి రంగారావుకు ఉత్తమ నటుడు ఇచ్చిండ్రు. అప్పుడు ఏ ఆస్కారున్నది?"

"ఆస్కార్ 1929 నుంచే ఉన్నది. మనకు 'భక్త ప్రహ్లాద' టాకీ రాకముందు నుంచే" అన్నాను నేను.

"ఉంటే ఉండనీ. రంగారావును పిలిచిండ్రా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే ఎవరి దగ్గరా ఉండదు.

ఇంతలో మావాడు లేచి, మెసేజ్‌లో ఓటీపీ పంపాడట. పంపాడట అని ఎందుకంటున్నానంటే, నా ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది, ఇక్కడ తెరమీద కీచకుడు మీసం మీద చెయ్యి వేస్తున్నాడు. రంగారావు ఆ నడక నడుస్తుంటే ఇల్లు కాలుతున్నా లేవం. మేం చూసుకునేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్లీ ఫోన్. "నాన్నా, ఇప్పుడే కదా పంపిన!" రెండోది వచ్చింది. రిమోట్ మీద బాణం గుర్తులు నొక్కుకుంటూ ఒక్కో అంకె దగ్గరికి పోవాలి. తొమ్మిది కోసం పోయి ఎనిమిది నొక్కాను. మూడోది పంపుతూ మావాడు, "ఇదే లాస్ట్, నేను స్నానానికి పోవాలె" అన్నాడు. ఈసారి పంతులుసారు ఒక్కో అంకెనూ ఛందస్సులాగా విడగొట్టి చదివితే, బావ వేలు పెట్టి చూపిస్తే, నేను నొక్కాను. పడింది!

తెర నిండా లాస్ ఏంజెలెస్. కానీ మావాళ్లకు ఆ సభ నచ్చలేదు.

"ఏం సభయ్యా ఇది" అన్నారు పంతులుసారు. "జ్యోతి ప్రజ్వలన లేదు, వేదిక మీద కుర్చీలు లేవు. ముఖ్య అతిథి ఎవరో చెప్పరు. ఒక్క శాలువ లేదాయె."

"మాట్లాడేటోనికి నలభై ఐదు సెకండ్లే టైమట సారూ" అన్నాడు బావ. "దాటితే బ్యాండు వాయించి దింపేస్తరు."

పంతులుసారు నిజంగానే కంగారుపడ్డారు. ఆయన ఏ సభలోనైనా "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి పేర్లు చదవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

పాట మాత్రం చూశాం. ఆ సంగతి ఎవరేమన్నా ఒప్పుకోం. దీపికా పదుకొణె వచ్చి పరిచయం చేసింది, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు, చివర్లో అక్కడివాళ్లంతా లేచి నిలబడ్డారు. హైదరాబాద్ గల్లీ పోరడు అక్కడ నిలబడి పాడుతుంటే మాక్కూడా ఒళ్లు పులకరించింది. కండక్టర్ అన్న కండువాతో కళ్లు తుడుచుకొని, "బాగనే ఉన్నది" అన్నాడు. 1963 తర్వాత వచ్చిన దేని గురించైనా ఆయన నోటి నుంచి ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

అవార్డు ఎప్పుడు ప్రకటిస్తారో ఎవరికీ తెలియదు. సౌండుకూ దేనికో దేనికో ఇస్తూ పోతున్నారు. మధ్యలో ప్రకటనలు. సరిగ్గా అప్పుడు పంతులుసారు గడియారం చూసి నెమ్మదిగా అన్నారు. "ఈపాటికి అక్కడ గోగ్రహణం వచ్చుంటది."

హాలంతా నిశ్శబ్దం. ఉత్తర గోగ్రహణమంటే మామూలు సంగతి కాదు. రేలంగి ఉత్తరకుమారుడు రథం దిగి పారిపోవడం, బృహన్నల అర్జునుడు కావడం. ఆ తర్వాత ఎదురుగా ఉన్న కౌరవ వీరుల్ని ఒక్కొక్కరినీ జెండాల గుర్తుతో చూపిస్తూ ఘంటసాల గొంతులో 'కాంచనమయ వేదికా' పద్యం. తిక్కన పద్యం అది. పంతులుసారు బడిలో ఏటా చెప్పేవారు.

"యాడ్స్ అయ్యేలోపు చూసొద్దాం" అన్నాడు కండక్టర్ అన్న. "పద్యం అయిపోంగనే మలుపు."

నల్ల రిమోట్ పెట్టి, బూడిద రిమోట్ తీశాను. సారు లెక్క ఈసారి కరెక్టే. పద్యం అప్పుడే ఎత్తుకుంటున్నారు. పంతులుసారు లేచి నిలబడి గొంతు కలిపారు. ద్రోణుడి జెండా దగ్గర కండక్టర్ అన్న కలిశాడు. కర్ణుడి దాకా వచ్చేసరికి నలుగురం పాడుతున్నాం. అడుగున పట్టీ మీద "బోరు మోటార్లు రిపేరు చేయబడును" అని పోతూనే ఉంది. భీష్ముడు కూడా అయ్యాక యుద్ధం వదిలి ఎవరు పోతారు చెప్పండి? సమ్మోహనాస్త్రం పడింది. కౌరవసేన ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయారు. మేం కూడా.

బయట టపాకాయలు మోగాయి. ఒకటి కాదు, లడీ. వెనక వీధిలోంచి పిల్లల అరుపులు.

"పొద్దుగాల ఎవలిదో పెండ్లి ఊరేగింపు" అన్నాడు బావ.

నాకు మాత్రం కడుపులో ఏదో అయింది. నల్ల రిమోట్ అందుకొని యాప్‌కి మలిపాను. తెరమీద ఒక్కటే వాక్యం: ఈ ఖాతాను మరొక పరికరంలో వాడుతున్నారు. అంటే స్నానం చేసి ఆఫీసుకు బయలుదేరిన మావాడు క్యాబ్‌లో కూచొని తన ఫోన్‌లో హాయిగా చూస్తున్నాడన్న మాట. మేం బయటికి పోగానే వాడు లోపలికి వచ్చాడు. ఖాళీ సీటు కనబడితే కండువా వేయడం వీడెక్కడ నేర్చుకున్నాడో!

మా ఆవిడ వంటింట్లోంచి ఫోన్ పట్టుకొని వచ్చింది. "వచ్చింది గదా అవార్డు, ఇంక పాల ప్యాకెట్లు తెస్తరా? నలుగురికి మూడుసార్లు ఛాయ్ అయింది, ఇంట్ల చుక్క పాల్లేవు."

"నీకెట్ల తెలుసు చెల్లే?" అన్నాడు బావ.

"లైవ్ చూసిన అన్నా. న్యూసుల వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ ఇద్దరు బొమ్మలు పట్టుకొని నిలవడ్డరు. మీరేందో పద్యాలు పాడుతున్నరు, మధ్యల పిలిస్తే పాపం తగులుతదని ఊకున్న."

ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. తెల్లారి నాలుగున్నర నుంచి కాపు కాసి, అవార్డు వచ్చిన ఆ నిమిషానికి విరాటరాజు ఆవుల కోసం యుద్ధం చేస్తున్నాం. కండక్టర్ అన్న అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. "మనం లైవ్‌ల చూసినం. బయట ఎవలికీ చెప్పొద్దు."

ఒట్టు వేసిన రెండు నిమిషాలకే మావాడి ఫోన్. స్పీకర్ పెట్టాను.

"నాన్నా! చూసిండ్రా?"

"చూడకేం రా, కండ్ల నిండ చూసినం."

"చంద్రబోస్ గారు ఏమన్నరో విన్నరా?"

నేను పంతులుసారు దిక్కు చూశాను. ఆయన రెండు చేతులూ జోడించి చూపించారు. "నమస్తే అన్నడు" అన్నాను, ఆ సైగను చదువుకుంటూ.

"అవ్ నాన్నా, తెలుగులనే నమస్తే అన్నడు! మరి కీరవాణి గారు?"

పంతులుసారు నా చెవిలో, "పాడిండని చెప్పు. నలభై ఐదు సెకండ్లల్ల చెప్పాలంటే పద్యమే దిక్కు" అన్నారు. ఏదైతే అదయిందని, "పాడిండు గదరా" అన్నాను.

"అరె! నిజంగనే చూసిండ్రు. నేను మీరు ఓటీపీ కాన్నే ఆగిపోయిండ్రనుకున్న." మావాడి గొంతులో గౌరవం వినబడింది. చాలా ఏళ్ల తర్వాత. మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకొని మీసాలు దువ్వుకుంటున్నాం. "ఏం బాణీ పట్టుకుండు నాన్నా! ఏ పాటదో గుర్తుపట్టిండ్రా?"

కీరవాణి చిన్నప్పుడు విన్న ఇంగ్లీషు పాట బాణీ అని తర్వాత పేపర్లో చదివాం, 'టాప్ ఆఫ్ ద వరల్డ్' అని. కానీ అప్పుడు మాకేం తెలుసు? నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టేలోపే, ఆ ఊపులో ఉన్న కండక్టర్ అన్న ముందుకు వంగి, కోదాడ బస్సులో వెనకసీటు దాకా వినిపించే గొంతుతో అన్నాడు.

"గుర్తుపట్టకపోవుడేంది బిడ్డా! సలలిత రాగ సుధారస సారం!"

అవతల చాలాసేపు క్యాబ్ హారన్ల చప్పుడే వినబడింది.

"నాన్నా," అన్నాడు మావాడు నెమ్మదిగా, "నర్తనశాల ఎంతవరకొచ్చింది?"