కవచ వాహన నిర్మాతలకు అనంతపురం నుంచి ఒక విన్నపం

యుద్ధ శకటాలను, తూటా దూరని కార్లను తయారుచేసే కంపెనీల పెద్దలకు,

అనంతపురం జిల్లా నుంచి నమస్కరించి వ్రాయునది. మీ సరుకు కొనే స్తోమత నాకు లేదు. అయితే దానికి దారి ఇవ్వడానికి రోడ్డు దిగి నిలబడిన అనుభవం దండిగా ఉంది కనుక, వాడకందారుల అభిప్రాయాలలో నాదీ ఒకటి కలుపుకోమని కోరుతున్నాను.

ముందుగా మీ పనితనాన్ని మెచ్చుకోవాలి. మందుపాతర దెబ్బ పక్కలకు జారిపోయేలా బండి అడుగును పడవ అడుగులా వాలుగా మలచడం, గాజు పొరలకు ప్లాస్టిక్ పొరలు అతికి తూటా వేగాన్ని మింగించడం, టైరుకు చిల్లిపడినా కొంత దూరం పరుగెత్తించడం సామాన్యమైన విద్యలు కావు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో మందుపాతరలు పేలినా అప్పటి ముఖ్యమంత్రి ప్రాణాలతో బయటపడిన సంగతి ఎరిగినవాళ్ళం, పైగా నాటుబాంబుల చప్పుడు విని పెరిగిన సీమవాళ్ళం. కవచం దండగ అనే సాహసం మేము చేయము. నా ఫిర్యాదల్లా అద్దం గురించే.

రెండేళ్ళ కిందట, వేరుశనగ ఎండిపోయిన రోజుల్లో, కళ్యాణదుర్గం దారిలో గొర్రెల మంద అడ్డం రావడం వల్ల ఒక నాయకుని కారు మా ఊరి మలుపులో ఆగింది. మా పెద్దనాయన నాలుగు మడతలు పెట్టిన పంటల బీమా అర్జీని చొక్కా జేబులోంచి తీసి, వేలి కణుపులతో ఆ అద్దం మీద తట్టాడు. అద్దాన్ని తట్టినట్టు లేదు, గుడి గోడను తట్టినట్టుంది చప్పుడు. "అద్దం దించప్పా, సామీ" అన్నాడు. లోపలి ఆయన నవ్వారు, చేతులు జోడించారు, పెదవులు కూడా కదిపారు. ఏమన్నారో మాకు వినిపించలేదు. మేమన్నది ఆయనకు వినిపించి ఉంటుందని అనుకోను. గొర్రెలు దాటాయి, కారు వెళ్ళిపోయింది.

"దించలేదు చూడు" అని పెద్దనాయన నొచ్చుకుంటే, ట్రావెల్స్‌లో డ్రైవరుగా పనిచేసే మా తమ్ముడు, అలాంటి కార్లలో వెనక అద్దాలు చాలావరకు బిగించే ఉంటాయని, అవి దించేవి కావని వివరించాడు. ఆ మాటతో పెద్దనాయన కోపం సగం తగ్గింది, నాది రెట్టింపైంది. జనం మాట వినకుండా ఉండడానికి ఇంతకాలం నాయకులు ఎవరి సాకు వారే వెతుక్కునేవారు; ఇప్పుడు మీరు దానిని కార్ఖానాలోనే బిగించి ఇస్తున్నారు.

అద్దం దించలేకపోతే పోనీ, అర్జీ లోపలికి దూరేంత కంత ఒకటి పెట్టండి. అది మీ విద్యకు అందనిదేమీ కాదు. 1984లో మెదక్ పేరుతో ఎద్దుమైలారంలో నెలకొల్పిన ఆయుధ కర్మాగారం మన సైన్యానికి చేసిపెట్టే బీఎంపీ-2 అనే యుద్ధ శకటంలో, ఏడుగురు జవాన్లు కూర్చునే చోట, తుపాకీ గొట్టం బయటికి పెట్టి కాల్చడానికి పక్క గోడలకు కంతలుంటాయి. సుమారు 14 టన్నుల ఉక్కు బండిలోంచి తుపాకీ బయటికి రావడానికి సందు ఉన్నప్పుడు, నాయకుని కారులోకి ఒక కాగితం పోవడానికి ఎందుకు ఉండరాదు? ఆ బీఎంపీ నీళ్ళలో ఈదుతుంది కూడానట. మా పెన్నలో ఏడాదిలో ఎక్కువ కాలం కనబడేది ఇసుకే కనుక, మా జిల్లాకు పంపే బండ్లకు ఈత నేర్పే ఖర్చు ఏమైనా ఉంటే దానిని ఈ కంతకు మళ్ళించండి.

పది అంగుళాల వెడల్పు, అర అంగుళం ఎత్తు చాలు; మడతలు విప్పి ఇమ్మని పెద్దనాయనకు నేను చెప్పుకుంటాను. భద్రతా సిబ్బంది అభ్యంతరం చెబితే ఆ కంతను లోపల ఒక వంపు తిప్పండి. కాగితం వంగుతుంది, తూటా వంగదు. కాస్త కిందికి అమర్చమని మాత్రం మరీ మరీ ప్రార్థన, ఎందుకంటే ఆయన పొట్టి మనిషి.

ఇట్లు,
గొర్రెల వెనక నిలబడినవాడు