జొన్నగిరి నుంచి ఒక డిటెక్టివ్ కావాలి

ఇక్కడ అమెరికాలో పెరిగే మన పిల్లలకు తెలుగు చదివే అలవాటు కావాలంటే నీతి కథల పుస్తకాలు కొనడం కొన్నాళ్లు ఆపండి. ఈ మాటకు తెలుగు బడి టీచర్లకు కోపం వస్తుందని తెలుసు. వాళ్లలో చాలామంది నా స్నేహితులే. కానీ ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ పక్కన మనం సర్దుకొచ్చే పుస్తకాలేవో ఒకసారి గుర్తు చేసుకోండి. పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, మర్యాద రామన్న. మంచివే, కాదనను. పిల్ల మొదటి కథ కూడబలుక్కుని చదువుతుంది. నక్క ఓడిపోతుంది. కింద నీతి అచ్చేసి ఉంటుంది. రెండో కథలో ఆ నక్క ఉండదు, ఎవరో కొత్త కోతి. మళ్లీ కొత్త మాటలు, కొత్త అడవి, అడుగున మళ్లీ నీతి. పుస్తకం మూసి పక్కన పెట్టేస్తే ఆ పిల్లనేమనగలం?

అదే పిల్ల ఇంగ్లీషులో నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ పుస్తకం పట్టుకుంటే అన్నానికి పిలిచినా పలకదు. ఆ పుస్తకాలు మొదలైంది 1930లో. హార్డీ బాయ్స్ అంతకంటే మూడేళ్లు పెద్దవాళ్లు, 1927. ఫేమస్ ఫైవ్ 1942లో మొదలై 1963 దాకా 21 పుస్తకాలు వచ్చాయి. సెల్‌ఫోన్ లేని కాలం, కెమెరాలు లేని వీధులు. దొంగ పారిపోతే పిల్లలు సైకిలెక్కి వెంటపడాల్సిందే. మా ముత్తాతల నాటి ఆ కథలు ట్యాబ్లెట్ పట్టుకుని పుట్టిన పిల్లలకు ఇంకా ఎందుకు పడుతున్నాయి?

మిస్టరీ వల్ల అంటారు అందరూ. అది సగమే నిజం. ఆరో పుస్తకం చదివే పిల్లకు దొంగ దొరుకుతాడని ముందే తెలుసు, ఎవరై ఉంటారో కూడా మూడో అధ్యాయానికల్లా ఊహించేస్తుంది. అయినా వదలదు. ఎందుకంటే ఆ మనుషులు తనకు తెలిసినవాళ్లు. ఎవరు తొందరపడతారో, ఎవరికి ఎప్పుడూ ఆకలో, ఏ ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటాడో తెలుసు. మన అమ్మలు టీవీ సీరియల్‌కు అతుక్కుపోవడంలో ఉన్న సుఖమే ఇది, కాకపోతే ఇక్కడ కథ ముందుకు కదులుతుంది. భాష నేర్చుకునే పిల్లకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. అనుమానం, ఆధారం, జాడ, తాళంచెవి, అడుగుల గుర్తులు, ఈ మాటలు మొదటి పుస్తకంలో ఇబ్బంది పెడతాయి. మూడో పుస్తకంలో కంటికి ఆనవు. ఒకే రచయితనో ఒకే రకం కథలనో వరుసగా చదివితే కొత్త భాష త్వరగా పట్టుబడుతుందని స్టీఫెన్ క్రాషెన్ అనే భాషావేత్త ఎప్పటినుంచో చెబుతున్నాడు. నీతి కథల సంపుటి సరిగ్గా దీనికి ఎదురు.

ఇంకో కారణం కూడా ఉంది, పెద్దవాళ్లం దాన్ని ఒప్పుకోవడానికి ఇష్టపడం. ఈ పుస్తకాల్లో పిల్లల మాట పెద్దవాళ్లు వినరు. "పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నీకేం పని, పో, ఆడుకోపో" అని మన ఇళ్లలో ఎన్నిసార్లు అనలేదు? డిటెక్టివ్ కథలో అలా బయటికి తరిమేసిన పిల్లే కిటికీ పక్కన నిలబడి అసలు సంగతి వింటుంది. చివరికి పోలీసాయన వచ్చి ఆ పిల్లనే అడగాల్సి వస్తుంది. తొమ్మిదేళ్ల మనిషికి ఇంతకంటే గొప్ప న్యాయం లోకంలో ఇంకేముంది?

మా తరం ఈ రుచి దొడ్డిదారిన తెలుసుకుంది. ప్రొద్దుటూరులో మా ఇంటికి నాలుగు వీధుల అవతల బాడుగ పుస్తకాల అంగడి ఒకటి ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అక్కడే పరిచయం. తర్వాత మధుబాబు గారి షాడో. అవేవీ పిల్లల కోసం రాసినవి కావు, అందుకే సోషల్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేవాళ్లం. అట్టలు ఊడిపోతే అంగడాయన గోధుమరంగు కాగితం అంటించి, మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసేవాడు.

ఒక నవల పన్నెండో పేజీలో ఎవరో పెన్సిల్‌తో "హంతకుడు డాక్టరే" అని రాసి పెట్టారు. మా అన్నకు ఆ నవల మీద ఆసక్తి అక్కడితో పోయింది, రాసినవాడి మీద పుట్టింది. అంగడాయన నోటు పుస్తకంలో ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో వరుసగా ఉంటుంది, ఎదురుగా సంతకాలు. మా అన్న ఆయన్ను బతిమాలి ఆ నోటు పుస్తకం తిరగేశాడు. ఆ డాక్టర్‌లోని 'డ' తోక లోపలికి చుట్టుకుని ఉంది. అలాంటి 'డ' ఉన్న సంతకం ఒక్కటే దొరికింది. అది మా బడిలో లెక్కల సారుది. కేసు అక్కడే మూసేశాం. డిటెక్టివ్ పుస్తకం పిల్లాడికి నేర్పేది ఇదే అనుకుంటాను: కోపం వచ్చినప్పుడు తిట్టడం మానేసి నోటు పుస్తకం అడగడం.

కానీ యుగంధర్ ఉండేది మద్రాసులో. ఆయనకు కారుంది, తుపాకీ ఉంది, పెద్దమనుషులతో పరిచయాలున్నాయి. మా ఊరికి ఆయన వచ్చే పనే లేదు. బెంగాలీలు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్లు. సత్యజిత్ రాయ్ 1965లో ఫెలూదా అనే డిటెక్టివ్‌ను మొదలుపెట్టింది 'సందేశ్' అనే పిల్లల పత్రికలో. ఆ కథలు చెప్పేది తొప్షే, ఫెలూదా తమ్ముడి వరసయ్యే కుర్రాడు. అంటే పిల్లాడికి కథలో కూర్చోవడానికి కుర్చీ మొదటి రోజే వేసి పెట్టారు. ఒక కథ జైసల్మేర్ కోటలో నడిస్తే, ఆ కోట చూడటానికి బెంగాలీ కుటుంబాలు తరాలుగా రైలెక్కుతూనే ఉన్నాయి. మనకు చందమామ ఉండేది, 1947 నుంచి కొన్ని తరాల పిల్లల్ని పెంచింది. అందులో రాజులు, మాంత్రికులు, భేతాళుడు అందరూ ఉండేవారు. పేరు చెప్పగానే ఇంటింటా గుర్తుపట్టే పిల్లల డిటెక్టివ్ మాత్రం మనకు లేడు.

ఇక సీమ సంగతి. అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లల్ని కర్నూలు అంటే ఏంటని అడిగి చూడండి. కొండారెడ్డి బురుజు, దాని ముందు హీరో, గాల్లోకి లేచే సుమోలు. కడప అంటే బాంబులు. అనంతపురం అంటే కరువు, అదీ తెలిసిన పిల్లలైతే. ఓబులేసు, మద్దిలేటి అనే పేర్లు వాళ్లు విన్నది విలన్ వెనక కత్తి పట్టుకుని నిలబడే మనుషులకే. (మా బాబాయి పేరు మద్దిలేటి. జీవితంలో ఆయన పట్టుకున్న పదునైన ఆయుధం కొడవలి, అదీ పశువుల గడ్డి కోయడానికి.)

ఫ్యాక్షన్ సినిమాలో చంపిందెవరో ఊరంతటికీ తెలుసు, చూసే మనకూ తెలుసు. చెప్పేవాడే ఉండడు. డిటెక్టివ్ కథలో చేసిందెవరో ఎవరికీ తెలియదు, కానీ చూసింది చూసినట్టు చెప్పే పిల్ల ఒకతి ఉంటుంది. ఆ పిల్ల చెబితే పెద్దవాళ్లు కాస్త ఆలస్యంగానైనా వింటారు, సాక్ష్యానికి విలువ ఉంటుంది. కర్నూలు, కడప పేర్లు పక్కన పెట్టుకుని నడిచే కథలో మన పిల్లలు ఇది చూడాలని నా కోరిక. సినిమావాళ్లను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లు చెప్పిన కథ కంటే మంచి కథ మనం చెప్పలేదు, అంతే.

కథలకు కరువా మా దగ్గర? తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి పొలాల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు జనం వజ్రాల కోసం వెతుకుతారు. ఇది కల్పన కాదు, ఏటా జరిగేదే. వానకు పైమట్టి కొట్టుకుపోతే రాళ్లు బయటపడతాయి. ఎక్కడెక్కడి నుంచో పిల్లాజెల్లాతో వచ్చి చెట్ల కింద, గుళ్లలో పడుకుంటారు. పొద్దున్నే వంగిన నడుములు చీకటిపడ్డాకే లేస్తాయి. విత్తనం వేసుకున్న రైతులు మా చేలో దిగొద్దని మొత్తుకుంటారు. రాయి దొరికినవాడికి దాని విలువ తెలియదు. కొనేవాడికి తెలుసు, వాడు చెప్పడు. బేరం గుట్టుగా జరుగుతుంది. ఎంతకు అమ్మారో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అగాథా క్రిస్టీకి ఈ ఊరు చూపించి ఉంటే ఇల్లు కొనుక్కుని అక్కడే ఉండిపోయేదేమో!

ఇలాంటి కథ ఒకటి ఊహించండి. సెలవులకు అవ్వ దగ్గరికి వచ్చిన అమెరికా పిల్ల, ఆమె మామ కొడుకు మద్దిలేటి. సాయంత్రం ఒకామెకు దొరికిన రాయి కొంగుముడిలో ఉంది. తెల్లారి చూస్తే ముడి అలాగే ఉంది, లోపల రాయి వేరేది.

"నిన్న రాత్రి గుడి దగ్గర ఎవరెవరు పడుకున్నారో చెప్పు," అంటుంది అమెరికా పిల్ల.

"అందరూ పండుకోన్యారు. టీ అంగడాయప్ప తప్ప."

"ఆయన ఎక్కడికి వెళ్లాడు?"

"అది మనమేమిటికి అడిగేది? కొడతాడు."

అమెరికా పిల్లకు సగం మాటలు అర్థం కావు. మద్దిలేటికి ఆమె ప్రశ్నలు అర్థం కావు. చదివే పిల్లకు ఇద్దరూ కావాలి. యాస ఉంటే పిల్లలకు కష్టమని భయపడేవాళ్లకు నా జవాబు ఇది: తన లాగే తడబడే పిల్ల కథలోనే ఉంటే తడబాటుకు సిగ్గు ఉండదు.

అక్కడికి దగ్గర్లోనే, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, ఎర్రగుడి ఉంది. అశోకుడి శాసనాలు బ్రాహ్మీ లిపిలో బండల మీద చెక్కి ఉన్నాయి. అక్కడి లఘుశాసనంలో కొన్ని చోట్ల ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి పోతే, తర్వాతది కుడి నుంచి ఎడమకు వస్తుంది. పిల్లల డిటెక్టివ్ పుస్తకానికి రహస్య లిపి కావాలని రచయితలు తల బద్దలు కొట్టుకుంటారు. మాకు రెండు వేల ఏళ్ల పైనుంచి బండ మీద సిద్ధంగా ఉంది. బేలుం గుహలు 3,229 మీటర్లు, లోపల పాతాళగంగ. 2022లో జిల్లాలు విడదీశాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా తరం నోటికి ఇంకా కర్నూలే. లేపాక్షిలో నేలకు ఆనీ ఆనని స్తంభం సరేసరి, దాని కింద గుడ్డ దూర్చి చూడని పిల్ల లేదు.

హత్యలూ దొంగతనాలూ పిల్లలకెందుకు అనే అభ్యంతరం ప్రతి తెలుగు సంఘం మీటింగులోనూ వస్తుంది. పిల్లల డిటెక్టివ్ పుస్తకాల్లో హత్యలు అరుదు. నాన్సీ డ్రూ మొదటి కథ దాచేసిన వీలునామా గురించి. ఆస్తి తగాదా మన పిల్లలకు తెలియని విషయమా ఏంటి? పాత పుస్తకాల్లో నల్లవాళ్లను, బయటివాళ్లను చులకన చేసిన రాతలున్నాయన్నది మాత్రం గట్టి అభ్యంతరమే. నాన్సీ డ్రూ, హార్డీ బాయ్స్ పాత సంపుటాలను 1959 నుంచి తిరగరాయాల్సి వచ్చింది. మనం ఇప్పుడు రాసుకుంటే మొదటే చూసుకోవచ్చు. మా కథలో దొంగ ఎప్పుడూ టీ అంగడివాడే కాకుండా, తెల్లచొక్కా ఆసామి కూడా అవ్వాలి.

ఇదంతా ఎవరు రాస్తారు? ఇక్కడే నాన్సీ డ్రూ చరిత్ర పనికొస్తుంది. ఆ పుస్తకాల అట్టల మీద పేరు కనిపించే కెరొలిన్ కీన్ అనే రచయిత్రి అసలు లేరు. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ అనే ఆయన కథల వర్క్‌షాపు లాంటిది నడిపాడు. కథ నడక కొన్ని పేజీల్లో ఆయన ఇచ్చేవాడు, మొదటి నాన్సీ పుస్తకాలు రాసింది మిల్‌డ్రెడ్ వర్ట్ అనే యువ జర్నలిస్టు. పుస్తకానికి 125 డాలర్లు ఇచ్చి హక్కులు రాయించుకున్నారు. అది అన్యాయమే, మనం ఆ భాగం అనుకరించనక్కర్లేదు. కానీ ఒకరు కథ అల్లడం, ఇంకొకరు రాయడం, ఒకరు దిద్దడం, ఏటా క్రమం తప్పకుండా పుస్తకం రావడం మనకు కావాలి. మహా రచయిత పుట్టేదాకా ఆగాల్సిన పని లేదు. స్టార్ నైట్‌కు ఒక హీరోయిన్‌ను పిలిపించే ఖర్చుతో మనం ఎన్ని పుస్తకాలు వేయించవచ్చో కోశాధికారి గారు లెక్కేసి చెప్పాలి.

నావి కొన్ని షరతులు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చివర కష్టమైన పదాలకు అర్థాలంటూ పేజీలు నింపొద్దు, చివర నీతి అసలే వద్దు. గండికోట మొదటి పుస్తకంలో వద్దు, అక్కడ సినిమా షూటింగులు చాలానే అయ్యాయి, మూడోదానికి ఉంచుదాం. రాసేవాళ్లు కర్నూలు, అనంతపురం, కడపల్లోనే ఉన్నారు, బడుల్లో పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్లు కథలు రాసుకుంటూ. వాళ్లకు ఫోన్ చేసేటప్పుడు భాషాసేవ అనే మాట ఎత్తకుండా, ముందు పారితోషికం ఎంతో చెప్పండి.