గడగడా చదివితే అర్థమైనట్టేనా?

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "పిల్లలు తప్పుల్లేకుండా గడగడా చదివితే పాఠం అర్థమైనట్టే. కాలేదంటే కఠిన పదాలకు అర్థాలు చెప్పండి, చాలు. పుస్తకంలో లేనిది ఊహించమనడం వాళ్లను పాడుచేయడమే." చదువు చెప్పేవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపుతుంటే బాధగా ఉంది.

గడగడా చదవడం సంగతి. తెలుగులో గుణింతాలు, వత్తులు పట్టుబడితే అర్థం తెలియని మాటనైనా తప్పు లేకుండా పలకొచ్చు. అందుకే మనం సులువుగా మోసపోతాం. వేగం అక్కర్లేదని కాదు. కూడబలుక్కుని చదివే బిడ్డ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. కానీ 1988లో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో బడిపిల్లలతో ఒక బేస్‌బాల్ ఆట కథనం చదివించినప్పుడు, చదవడంలో వెనకబడ్డా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివే, ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు.

కఠిన పదాలే అడ్డమైతే, 1972లో బ్రాన్స్‌ఫర్డ్, జాన్సన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగంలో వాడిన పేరా అందరికీ అర్థమైపోవాలి. అన్నీ తేలిక మాటలే: వస్తువుల్ని కుప్పలుగా వేరుచేయాలి, ఒకేసారి ఎక్కువ వేయకూడదు, ఇలా సాగుతుంది. విన్నవాళ్లకు తలా తోకా తెలియలేదు. ఇది బట్టలు ఉతకడం గురించి అని ముందే చెప్పినవాళ్లకు మాత్రం చక్కగా అర్థమైంది. విన్నాక చెబితే లాభం లేకపోయింది. అంటే వింటున్నప్పుడే మనసులో ఒక బొమ్మ కట్టాలి. వాల్టర్ కించ్ వంటి మనస్తత్వవేత్తలు 'సందర్భ నమూనా' అన్నది దీన్నే.

ఇక ఊహించడం. ఇది చదవండి: "సరోజమ్మ ఆకాశం వైపు చూసింది. డాబా మీది వడియాలు గబగబా కిందికి తెచ్చింది." వాన అన్న మాటే లేదు, అయినా మీకు మబ్బు కనిపించింది. ఆ మబ్బు లేకపోతే ఈ రెండు వాక్యాలకూ సంబంధమే ఉండదు. వడియాలు ఎండబెట్టడం ఎన్నడూ చూడని బిడ్డకు అది తోచకపోవచ్చు. అప్పుడు చెప్పాల్సింది పదాల అర్థం కాదు, ఆ పని సంగతి.

ఊహ అంటే తోచిందల్లా అనడం కూడా కాదు. "ఎందుకు తెచ్చింది?" అని అడిగితే "ఎండిపోయాయి కాబట్టి" అంటాడేమో. తప్పని కొట్టిపారేయకండి. "మరి గబగబా ఎందుకు? పైకెందుకు చూసింది?" అని అడగండి. మళ్లీ ఆ వాక్యాల్లోకే వెళ్లి వెతుక్కుంటాడు.