ఒకే గాటన కట్టకండి

జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జయంతి వచ్చేసరికి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ వాదన లేవక మానదు: అమెరికా నల్లవాళ్ల పౌరహక్కుల నాయకులు పైకి అహింస అంటూనే లోలోపల గొడవలు ఎగదోశారని. అల్లరి అన్నది ఎవరికీ వినపడని వాళ్ల భాష అని కింగ్ అన్న మాటను సాక్ష్యంగా పెడతారు. 1967 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఆ మాట అన్నమాట నిజమే. దానికి ముందు వాక్యాల్లోనే, అల్లర్లు సమాజాన్ని చెరుపుతాయి, చేసినవాళ్లకే చేటు తెస్తాయి అన్నాడు. ఆ ముక్క మాత్రం ఫార్వర్డుల్లో కనపడదు.

ఉపన్యాసాల తునకలతో ఇది తేలే పంచాయతీ కాదు. జనాన్ని వీధిలోకి పంపేముందు ఎలా తయారుచేశారో చూడాలి. నాష్‌విల్‌లో ఉద్యమ విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ మూడేళ్లు మన నాగపూర్‌లో ఉండి గాంధీ పద్ధతి ఆకళింపు చేసుకున్నవాడు. విద్యార్థుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, తోటివాళ్లచేతే తిట్టించేవాడు, మొహాన సిగరెట్ పొగ ఊదించేవాడు, కిందికి లాగించేవాడు. తల ఎలా కాచుకోవాలో, పక్కవాణ్ణి కొడుతుంటే ఎలా అడ్డుపడాలో నేర్పేవాడు. 1960లో తెల్లవాళ్లకే వడ్డించే లంచ్ కౌంటర్లకు (దుకాణాల్లోని తిండి బల్లలకు) నిరసనగా వెళ్లినవాళ్ల చేతిలో నియమాల కాగితం ఉండేది: తిట్టినా కొట్టినా బదులివ్వొద్దు, పగలబడి నవ్వొద్దు, కౌంటర్ వైపే తిరిగి నిటారుగా కూర్చోవాలి, దుకాణం గుమ్మానికి అడ్డు నిలవొద్దు. రక్తం కళ్లజూడాలనుకునేవాడికి గుమ్మం గొడవ ఎందుకు?

అలబామాలోని బర్మింగ్‌హామ్ దగ్గర మాత్రం విమర్శకుల మాటలో కొంత పస ఉంది. 1963 మే 2న బడిపిల్లల్ని ఊరేగింపుకి దింపినప్పుడు పోలీసుల తీరు నాయకులకు తెలియంది కాదు. మర్నాడు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. దెబ్బ తినడానికి సిద్ధపడటం వేరు, దెబ్బ కొట్టమనడం వేరు. అయినా తిన్నది పిల్లలు, అది నాకు మింగుడుపడదు.

ఏర్పాట్లు వదులైతే ఏమవుతుందో 1968 మార్చి 28న మెంఫిస్‌లో బయటపడింది. పారిశుధ్య కార్మికుల ఊరేగింపుకి కింగ్ రావడమే ఆలస్యమైంది, జనం విసిగిపోయారు. ప్లకార్డులు కర్రలకు బిగించి ఇచ్చారు. వెనక ఉన్న కొందరు కుర్రాళ్లు ఆ కర్రలతోనే దుకాణాల అద్దాలు బద్దలుకొట్టారు. లాసన్ ఊరేగింపుని వెనక్కి మళ్లించాడు. ఆ రోజే పోలీసు తూటాకి పదహారేళ్ల కుర్రాడు బలయ్యాడు.

విద్యార్థి ఉద్యమ సంఘం SNCC నాయకుడు ర్యాప్ బ్రౌన్ దారి వేరు. 1967 జులై 24న మేరీలాండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఊరు దారికి రాకపోతే తగలబెట్టమని బాహాటంగానే అన్నాడు. ఆ రాత్రి కాలింది నల్లవాళ్ల పేటే. అగ్నిమాపక దళం చాలాసేపు లోపలికి వెళ్లలేదు, అదీ లెక్కలోకి రావాలి.

చట్టం ఎక్కడ గీత గీసిందో చూడాలంటే మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్ కేసు చదవాలి. తెల్లవాళ్ల దుకాణాల బహిష్కరణ కట్టు తప్పితే మెడ విరిచేస్తామని అక్కడి ఉద్యమ నాయకుడు చార్ల్స్ ఎవర్స్ సభలోనే బెదిరించాడు. కింది కోర్టు ఉద్యమకారుల మీద 12,50,699 డాలర్ల నష్టపరిహారం వేసింది. 1982లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మాటల వెనకే దాడులు జరిగి ఉంటే సంగతి వేరుగా ఉండేదని కూడా అదే తీర్పులో రాసింది.