ఇంటింటికీ కలిస్తేనే డ్రైనేజీ

నెల్లూరులో గట్టి వాన ఒక్కటి పడిందంటే రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలిచిపోతాయి. బండ్లు ఆగిపోతాయి, జనం ప్యాంట్లు మడుచుకుని దిగి నడుస్తారు. కాళ్లు తడిపేది వాన నీరు మాత్రమే కాదు. సైడు కాలువలు పొంగి కలిసిన నీళ్లవి, ఆ కాలువల్లోకి సెప్టిక్ ట్యాంకుల నీళ్లు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. ఈ నగరంలో భూగర్భ డ్రైనేజీ గురించి పదేళ్లుగా వింటున్నాం. కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో నుంచి అప్పు తెచ్చి, వీధి వీధీ తవ్వి పైపులు వేశారు. ఆ తవ్వకాలప్పుడు జనం పడ్డ దుమ్మూ గుంతల అవస్థ ఎవరూ మరిచిపోలేదు. ఇన్ని అవస్థలు పడ్డ నగరానికి దక్కాల్సింది రోడ్డు కింద పైపు కాదు, ప్రతి ఇంటి లెట్రిన్ ఆ పైపుకు కలవడం. ఇది చివర్లో తీరిగ్గా చూసుకునే పని అన్నట్టు మాట్లాడటం మానుకోవాలని మేం గట్టిగా చెబుతున్నాం.

ఎంత మురుగు గురించి మాట్లాడుతున్నామో ముందు చూద్దాం. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది దేశమంతా పాటించే లెక్క. అందులో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగొస్తుంది. 2011 జనగణన నాటికే నెల్లూరు జనాభా ఐదు లక్షలకు చేరువైంది. ఆ పాత జనాభాతోనే గుణించినా రోజుకు ఐదు కోట్ల లీటర్ల పైమాటే.

మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంక్ కట్టేస్తే పని అయిపోయినట్టే లెక్క. ట్యాంకులో బరువైనది అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీరు బయటకు వస్తుంది. చూడ్డానికి కాస్త తేటగా ఉన్నా ఆ నీటినిండా రోగాలు తెచ్చే క్రిములే. అది ఇంకుడు గుంటలోకి పోవాలి. మూలాపేట, సంతపేట లాంటి పాత పేటల్లో, ఇంటికీ ఇంటికీ మధ్య జానెడు సందు లేనిచోట గుంటకు స్థలం ఎక్కడిది? మెట్ల కింద ట్యాంకు, గోడకు ఒక కన్నం, అందులోంచి సైడు కాలువలోకి తొంగిచూసే పైపు ముక్క. ఆ ముక్క కింద సిమెంటు మీద పట్టిన నల్లటి జిగట చూస్తే అందులోంచి ఏం వస్తోందో అడగక్కర్లేదు. రెండు మూడేళ్లకోసారి ట్యాంకు ఖాళీ చేయించాలి. మన ఇళ్లలో మాత్రం లెట్రిన్‌లో నీళ్లు వెనక్కి తన్నిన రోజే ట్యాంకర్‌కు ఫోన్ వెళ్తుంది. వీధుల మురుగు చేరేది జాఫర్ సాహెబ్ కాలువకు, సర్వేపల్లి కాలువకు. ఇవి మురుగు కోసం తవ్వినవి కావు, పెన్నా నీళ్లను వరి పొలాలకు తీసుకెళ్లే పంట కాలువలు. నగరం దాటాక అదే నీళ్లలో రైతులూ కూలీలూ దిగి నాట్లు వేస్తున్నారు. ఒంగోలులో పోతురాజు కాలువ పక్కన ఉండేవాళ్లకూ ఈ కథ కొత్తేం కాదు.

భూగర్భ డ్రైనేజీ పనిచేసే తీరు అర్థమైతే ఇంటి కనెక్షన్ ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. మురుగులో దాదాపు 99.9 శాతం నీరే. మలాన్ని మోసుకెళ్లేది ఆ నీరే, నీటిని నడిపేది వాలు. పైపులో నీళ్లు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలి. అంతకంటే నెమ్మదిస్తే ఇసుకా మలమూ అడుక్కి దిగిపోతాయి. వీధి చివర చిన్న పైపులో ఆ వేగం రావాలంటే వెయ్యి మీటర్లకు ఆరు మీటర్ల దాకా వాలు ఇవ్వాల్సి వస్తుంది. నెల్లూరు లాంటి చదును నేలలో ఆ లెక్కన పోతే పైపు పాతాళానికి దిగుతుంది. అందుకే మధ్యమధ్యలో పంపింగ్ స్టేషన్లు పెట్టి, మురుగును పైకి తోడి మళ్లీ పారిస్తారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వంద ఇళ్ల కోసం వేసిన లైనుకు పది ఇళ్లే కలిస్తే ఎంత వాలు ఇచ్చినా ఆ వేగం రాదు. సరిగా నీళ్లు వదలని పిల్లకాలువలో ఒండ్రు పేరుకుంటుందని నెల్లూరు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇదీ అంతే. పైపు కొత్తదే అయినా వాడకం లేకుండానే పూడిపోతుంది. శుద్ధి కేంద్రం సంగతీ ఇంతే. అక్కడ మురుగును శుభ్రం చేసేది గాలి అందిస్తే పెరిగే సూక్ష్మజీవులు. వాటికి ఆహారం మురుగే. కోట్లు పోసి కట్టిన ప్లాంటుకు చాలినంత మురుగు రాకపోతే ఆ జీవాలు చస్తాయి, ప్లాంటు పడకేస్తుంది. కాబట్టి కనెక్షన్లు నిదానంగా ఇచ్చుకోవచ్చులే అనడమంటే, వేసిన పైపునూ కట్టిన ప్లాంటునూ చేజేతులా పాడుచేసుకోవడమే.

పైపు పూడితే తర్వాత ఏం జరుగుతుందో ఈ రాష్ట్రానికి బాగా తెలుసు. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మన రాష్ట్రం నుంచి వలస వెళ్లిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయారు. వాళ్లను కాపాడాలని దిగిన ఆటో డ్రైవర్ నౌషాద్ కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు. నిలవ మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ముందు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టే శక్తినే పోగొడుతుంది. ఇప్పుడు వాసన లేదు, పర్లేదు అనుకుని దిగినవాడు కాసేపట్లోనే కుప్పకూలుతాడు. పాకీపనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన చట్టం మనుషులను రక్షణ లేకుండా మురుగు లైన్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో దించడాన్ని నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి చావుకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా ‘కాస్త దిగి కర్రతో పొడువు’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. చెప్పేవాళ్లు ఒకరు, దిగేవాళ్లు ఎప్పుడూ అవే కులాల బిడ్డలు. ఇది మనల్ని నిద్రపోనివ్వకూడని విషయం.

ఇళ్లవాళ్లు కనెక్షన్‌కు ఎందుకు వెనకాడతారో కూడా అర్థం చేసుకోవాలి. చాలా ఇళ్లలో లెట్రిన్ పెరటి వైపు ఉంటుంది. పైపు వీధిలోకి రావాలంటే హాల్లో వేయించుకున్న గ్రానైట్ పగలగొట్టాలి. అద్దె ఇల్లయితే ఓనరు ఇంకెక్కడో ఉంటాడు, ఉన్నవాళ్లకు అది తమ ఖర్చనిపించదు. ట్యాంకు ఎలాగూ నడుస్తోంది కదా, ఈ తలనొప్పి ఎందుకని ఊరుకుంటారు. నోటీసులిచ్చి బెదిరిస్తే ఇది కదలదు. ఇంటి గడప లోపలి పని కూడా కార్పొరేషనే చేయించి, ఖర్చును ఆస్తి పన్నుతో పాటు చిన్న వాయిదాల్లో తీసుకోవాలి. తెల్లకార్డు ఇళ్లకు ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ప్రతి వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ ఉన్నారు. ఏ ఇంటి లెట్రిన్ ఎటు ఉంది, ట్యాంకు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి అని ఇంటింటికీ తిరిగి రాసుకోవడానికి వాళ్లకంటే తగినవాళ్లు లేరు.

జనానికి కూడా ఒక మాట చెప్పాలి. మేడ మీద వాన నీళ్ల గొట్టాన్ని డ్రైనేజీ ఛాంబర్‌లోకి కలపకండి. వీధిలో నీళ్లు నిలిచాయని మ్యాన్‌హోల్ మూత ఎత్తకండి. ఈ లైన్లు మురుగు మోయడానికి లెక్కకట్టి వేసినవి, తుపాను నీళ్లను తట్టుకోలేవు. అలా చేస్తే పల్లపు వీధిలో ఎవరి బాత్‌రూమ్‌లోనో మలం పైకి తన్నుతుంది, అదీ సాధారణంగా పేదల ఇంట్లోనే. 2015, 2021 నవంబరు వానలు చూసిన ఊరిది. భగత్‌సింగ్ కాలనీ వాళ్లకు ఆ బురద ఇంకా గుర్తుంది.

మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆలోపు పల్లపు పేటల్లో కనెక్షన్లు ముందు పూర్తి చేయాలి, పెద్ద కాలనీల వంతు ఆ తర్వాత. డివిజన్ల వారీగా ఎన్ని ఇళ్లు కలిశాయో, ఎన్ని మిగిలాయో ప్రతి నెలా సచివాలయం బోర్డు మీద రాయాలి. లైను చోక్ అయితే జెట్టింగ్ మిషన్ (నీళ్లను గట్టిగా చిమ్మి పూడిక తీసే యంత్రం) పంపే అధికారి పేరు, ఫోన్ నంబరు కూడా అదే బోర్డు మీద ఉండాలి. మిషన్ రావడం ఆలస్యమైతే వీధి ఒక పూట కంపు భరించాలి తప్ప, ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకి దించకూడదు.