డబ్బివ్వండి, పిలక వదలండి

2025 జులై 16న అలాస్కా తీరానికి దగ్గర్లో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది, వెంటనే సునామీ హెచ్చరిక జారీ అయింది. ఎత్తయిన చోటికి వెళ్లిపోండని తీరంలోని ఊళ్లకు చెప్పినవాటిలో అక్కడి చిన్న చిన్న పబ్లిక్ రేడియో స్టేషన్లు ఉన్నాయి, సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టేయగలిగే స్టేషన్లు. సరిగ్గా అదే రోజు వాషింగ్టన్‌లో అమెరికా సెనేట్ ఆ స్టేషన్లకు ఇస్తామన్న డబ్బును వెనక్కి లాక్కోవాలా అని చర్చిస్తోంది. తెల్లారేలోగా 51-48తో ఓటేసి లాక్కుంది కూడా. రెండేళ్లకు కలిపి 110 కోట్ల డాలర్లు. అలాస్కా సెనేటర్ లీసా మర్కోవ్‌స్కీ ఆ భూకంపాన్నే ఉదాహరణగా చూపించి, సొంత పార్టీని కాదని వ్యతిరేకంగా ఓటేశారు. ఫలితం లేదు. ఆ డబ్బును పంచిపెట్టడానికి 1967లో చట్టం చేసి పెట్టిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆగస్టు మొదట్లోనే దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించింది.

ఆ రోజు అలలు పెద్దగా రాలేదు, హెచ్చరిక ఎత్తేశారు, అదృష్టం.

ఓటేసినవాళ్ల కోపం నిజానికి ఆ స్టేషన్లకు జాతీయ వార్తలు అందించే పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ మీద, దాని వార్తలు ఒక పక్కకే ఒరుగుతాయని. ఆ ఆరోపణలో నిజమెంతో కాసేపు పక్కన పెడదాం. ఎన్‌పీఆర్ బడ్జెట్లో ప్రభుత్వం నుంచి నేరుగా వచ్చేది ఒక శాతం దరిదాపుల్లో ఉండేది. కార్పొరేషన్ డబ్బులో 70 శాతానికి పైగా వెళ్లేది స్థానిక స్టేషన్లకు. వాటిలోనూ దాని మీద ఎక్కువగా ఆధారపడేవి పల్లెల్లోవే, పెద్ద మొత్తంలో చందాలిచ్చేవాళ్లూ స్పాన్సర్ చేసే వ్యాపారాలూ లేని చోట్ల ఉన్నవి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. ఇంతా చేసి ఆ ఖర్చు ఎంత? మనిషికి ఏడాదికి ఒకటిన్నర డాలర్ చిల్లర.

ప్రభుత్వాలు పబ్లిక్ టీవీకీ రేడియోకీ డబ్బివ్వాలా అంటే, ఇవ్వాలి. ఇందులో మాకు నసుగుడేమీ లేదు. మా పేచీ అంతా ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుంది, ఎన్నేళ్లకు ఒకసారి వస్తుంది, నచ్చని వార్త వచ్చిన మర్నాడు దాన్ని ఆపగలిగే మనిషి ఎవరైనా ఉన్నారా అన్న దాని మీదే.

ఇక్కడ మా సంగతి కూడా చెప్పుకోవాలి. మాది ప్రకటనల మీద బతికే పత్రిక. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ వార్తలన్నీ ఉచితంగా ఫోన్‌లో పెట్టేస్తే చందా కట్టి మమ్మల్ని ఎవరు చదువుతారన్న గుబులు మాకూ ఉంది. జర్మనీలో పత్రికల యజమానులైతే 2011లో అక్కడి పబ్లిక్ ప్రసార సంస్థ ఏఆర్‌డీ వార్తల యాప్ మీద కోర్టుకే ఎక్కారు. ఆ ఫిర్యాదులో న్యాయం లేదనం. కానీ ప్రభుత్వ డబ్బు ముడితే మీడియా అమ్ముడుపోతుందని నీతులు చెప్పే ప్రైవేటు సంస్థలు ప్రభుత్వ ప్రకటన వస్తే మొదటి పేజీ మొత్తం ఇచ్చేయడానికి వెనకాడవు. ఆ డబ్బు మీద ఏ కమిషన్ నిఘా ఉండదు, ఒక్క ఫోన్ కాల్‌తో ఆగిపోతుంది. కాబట్టి ఆ నీతులు మా నోట అంత బాగుండవు.

ఇక మార్కెట్ ఉంది కదా, కావలసినవాళ్లు కొనుక్కుంటారు అనే వాదన. ప్రకటనకర్తకు కావలసింది కొనగలిగే జనం, అదీ గుంపుగా. అరవై ఇళ్లున్న ద్వీపం అతనికి అక్కర్లేదు, పెన్షన్ మీద బతికే ముసలాయన అక్కర్లేదు, కొన్ని వేల మంది మాత్రమే మాట్లాడే భాష అసలే అక్కర్లేదు. నాలుగేళ్ల పిల్ల మాత్రం కావాలి. ఆ పిల్ల దగ్గర డబ్బు లేకపోయినా ఇంట్లో మారాం చేసే శక్తి ఉంది, ఆ సంగతి ప్రకటనకర్తకు బాగా తెలుసు. పిల్లల కార్యక్రమాలు ప్రకటనల్లేకుండా రావాలంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి, లాభం చూసుకునేవాడు పెట్టడు.

భాష సంగతికొస్తే వేల్స్ కథ చెప్పుకోవాలి. వెల్ష్ భాషకు సొంత ఛానెల్ ఇస్తామని ఎన్నికల్లో చెప్పి 1979లో గెలిచిన థాచర్ ప్రభుత్వం, గెలిచాక మాట మార్చింది. కొందరు బీబీసీని నడిపే టీవీ లైసెన్స్ రుసుము కట్టడం మానేశారు. 1980లో వేల్స్ జాతీయవాద పార్టీ ప్లయిడ్ కమ్రి నేత గ్విన్‌ఫర్ ఎవాన్స్ ఛానెల్ ఇవ్వకపోతే ఆమరణ దీక్షకు కూర్చుంటానని ప్రకటించారు. తేదీ కూడా చెప్పేసరికి, దేనికీ వెనక్కి తగ్గదని పేరున్న ఆ ప్రభుత్వం దీక్ష మొదలవకముందే దిగొచ్చింది. 1982 నవంబర్ 1న ఎస్‌4సీ అనే ఆ ఛానెల్ మొదలైంది. ఒక టీవీ ఛానెల్ కోసం ప్రాణం పణంగా పెట్టడం అతి అనిపించొచ్చు, తన భాష ఇంట్లో పిల్లల నోట్లోంచి జారిపోతుంటే చూసినవాళ్లకు అనిపించదు. ఆ ఛానెల్ ఏ మార్కెట్ లెక్కలోనూ పుట్టేది కాదు.

ఇప్పుడు అవతలి వాదన. ప్రభుత్వం డబ్బిస్తే ఛానెల్ గంగిరెద్దులా తల ఊపుతుంది అంటారు. ఊపుతుంది, నిజమే, ఎన్నోచోట్ల ఊపింది. భారతదేశంలో 1975-77 ఎమర్జెన్సీ నాటి ఆలిండియా రేడియోను జనం ‘ఆల్ ఇందిరా రేడియో’ అని వెక్కిరించారు. స్వయంప్రతిపత్తి కోసమని 1990లో ప్రసార భారతి చట్టం చేసుకుని, అమల్లోకి తేవడానికి 1997 దాకా ఆగారు. ఈ మధ్యలో 1995లో సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చిచెప్పాల్సి వచ్చింది. పోలండ్‌లో 2015లో గద్దెనెక్కిన లా అండ్ జస్టిస్ పార్టీ రెండు నెలలు తిరక్కముందే చట్టం మార్చి, పబ్లిక్ టీవీ సంస్థ టీవీపీ అధిపతిని మంత్రే నియమించేలా చేసుకుంది. ఎనిమిదేళ్లు ఆ ఛానెల్ ఆ పార్టీ బాకాగా నడిచింది. 2023 డిసెంబర్‌లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఏం చేసింది? బోర్డులను ఇంటికి పంపి, వార్తల ఛానెల్ సిగ్నల్ కట్ చేసింది. బాగుచేయడానికేనన్నారు. కావచ్చు, కానీ మంత్రి చేత్తో కట్టిన ముడిని మంత్రి చేత్తోనే విప్పితే రేపు ఇంకో మంత్రి మళ్లీ కడతాడు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. గ్రీస్‌లో 2013 జూన్ 11 సాయంత్రం ప్రభుత్వ ప్రతినిధి తెర మీదికొచ్చి, పబ్లిక్ ప్రసార సంస్థ ఈఆర్‌టీ దుబారాకు అడ్డా అయిపోయింది కాబట్టి ఈ రాత్రికే మూసేస్తున్నామన్నాడు. పదకొండు దాటాక, స్టూడియోలో జర్నలిస్టులు ఇంకా మాట్లాడుతుండగానే, ఇళ్లల్లో తెరలు నల్లబడ్డాయి. దాదాపు 2,600 మంది ఉద్యోగాలు పోయాయి. సిబ్బంది భవనం వదలకుండా ఇంటర్నెట్లో ప్రసారం సాగించారు, బయట జనం పోగయ్యారు. అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం వారంలోపే ప్రసారాలు పునరుద్ధరించమంది, సంకీర్ణంలోని ఒక పార్టీ దీనిమీదే ప్రభుత్వం నుంచి తప్పుకుంది. విచిత్రమేమిటంటే ఈఆర్‌టీలో దుబారా లేదని దాన్ని వెనకేసుకొచ్చినవాళ్లు కూడా పెద్దగా అనలేదు. ఆ ఛానెల్‌ను తిట్టుకుంటూ చూసినవాళ్లే, అది పోయేసరికి రోడ్డెక్కారు. సరిగ్గా రెండేళ్లకు, 2015 జూన్ 11న, అదే పేరుతో తిరిగి తెరిచారు.

మరి పిలక వదిలి డబ్బివ్వడం ఎలా? జర్మనీ పద్ధతి కొంచెం చాదస్తంగా ఉంటుంది గానీ మాకు నచ్చుతుంది. పబ్లిక్ ప్రసార సంస్థలు తమకెంత కావాలో చెబుతాయి. కేఈఎఫ్ అనే 16 మంది నిపుణుల కమిషన్ ఆ లెక్కలన్నీ కూర్చుని తిరగేస్తుంది, కోసేది కోస్తుంది, ఇంటికి నెలకు ఇంత అని సిఫారసు చేస్తుంది. దానికి 16 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. ఇంట్లో టీవీ ఉందా లేదా అని తలుపు కొట్టి చూసే పని 2013 నుంచి లేదు, ఇల్లుంటే కట్టాలి. 2020లో రుసుమును 86 సెంట్లు పెంచి 18.36 యూరోలు చేద్దామంటే సాక్సనీ-అన్‌హాల్ట్ ఒక్కటి అడ్డం తిరిగింది. రాజ్యాంగ న్యాయస్థానం 2021లో, మీ రాజకీయాల కోసం ప్రసార స్వేచ్ఛకు కావలసిన డబ్బు ఆపడానికి వీల్లేదంటూ ఆ పెంపును తనే అమల్లో పెట్టింది. అంతకుముందు 2014లో అదే కోర్టు, ఇంకో పబ్లిక్ టీవీ సంస్థ జడ్‌డీఎఫ్ పాలక మండళ్లలో ప్రభుత్వంతో ముడిపడ్డవాళ్లు మూడో వంతుకు మించకూడదంది. అలాగని అక్కడ అంతా సాఫీగా ఏమీ లేదు. 2025 నుంచి 18.94 యూరోలు చేయాలన్న సిఫారసును రాష్ట్రాలు గడువులోగా ఆమోదించలేదు, ఛానెళ్లు మళ్లీ కోర్టు మెట్లెక్కాయి. అయినా గొడవ చట్టం దగ్గర, అందరి కళ్లముందు జరుగుతోంది, మంత్రిగారి గదిలో కాదు.

నేను చూడను, నేనెందుకు కట్టాలి అనే మాటను మేం తేలిగ్గా తీసిపారేయం. బ్రిటన్‌లో లైసెన్స్ లేకుండా టీవీ చూడటం నేరం, కోటలో ఉన్నవాడికీ ఒంటిగదిలో ఉన్నవాడికీ ఒకటే రుసుము, అది అన్యాయమే. ఫిన్లాండ్ 2013లో దాన్ని ఆదాయాన్ని బట్టి వేసే ప్రత్యేక పన్నుగా మార్చింది, పైన ఒక పరిమితి ఉంటుంది, మరీ తక్కువ సంపాదించేవాళ్లకు ఉండదు. మాకు అదే సబబనిపిస్తుంది. స్విట్జర్లాండ్ ఇంకా సూటిగా, అసలు రుసుమే ఎత్తేద్దామా అని 2018 మార్చి 4న జనాన్నే అడిగింది. 71.6 శాతం ఎత్తేయొద్దన్నారు. కట్టేది వాళ్లే, అది కూడా సాధారణ పన్ను బడ్జెట్లో కలిసిపోయి కనపడకుండా కాదు, బిల్లు విడిగా ఇంటికొస్తుంది. అయినా ఎత్తేయొద్దన్నారు.

బీబీసీ ఎలా నడవాలో చెప్పే ప్రస్తుత చార్టర్ 2027 డిసెంబర్ 31తో ముగుస్తుంది. లైసెన్స్ ఉంచాలా, చందా పెట్టాలా, ప్రకటనలు తేవాలా అని ఆ దేశం వాదించుకుంటోంది. 2022లో అక్కడి ప్రభుత్వం రుసుమును రెండేళ్లపాటు 159 పౌండ్ల దగ్గరే బిగించేసింది. అంతకుముందు 2015లో, 75 ఏళ్లు దాటినవాళ్లకు తాను ఇస్తున్న ఉచిత లైసెన్సుల భారాన్ని బీబీసీ నెత్తినే పెట్టింది. రెండుసార్లూ సంఖ్యను తేల్చింది మంత్రులే, స్వతంత్ర కమిషన్ ఏదీ మధ్యలో లేదు. బోర్డు చైర్మన్‌ను ఎంచేది కూడా ప్రభుత్వమే. కొత్త చార్టర్ ముసాయిదా వచ్చినప్పుడు రుసుము ఎంతన్న పేజీ దగ్గరికి తర్వాత వస్తాం. ముందు రుసుమును ఎవరు తేలుస్తారు, చైర్మన్‌ను ఎవరు ఎంచుతారు అన్న రెండు పేరాలు మారాయా లేదా చూస్తాం.